నౌంబుర్గ్ కెథడ్రల్ గైడ్ టూర్: అమ్మ అడిగితే గానీ అసలు కథ రాలేదు

జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఉన్న మా ఇంటికొచ్చిన అమ్మని పోయిన శనివారం నౌంబుర్గ్ తీసుకెళ్ళాను. ఆన్‌లైన్‌లో ప్రైవేట్ గైడ్‌ని మాట్లాడుకున్నాం, రెండు గంటలకి 120 యూరోలు. కంపెనీ పేరెందుకులెండి. గైడమ్మ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆలోపు అమ్మ చలికి బిగుసుకుపోయింది.

చూడాల్సిందంతా పడమటి కోయిర్‌లో, అంటే చర్చిలో పూజారులు కూర్చునే భాగంలో ఉంది. గుడికి దానధర్మాలు చేసిన 12 మంది నిలువెత్తు రాతి విగ్రహాలు. అందులో ఊటా ఒకావిడ. కుడిచేత్తో పైవస్త్రం కాలర్ చెంప దాకా లాక్కుని నిలబడుంది. మొగుడు ఎకెహార్డ్ ఉన్నది సరిగ్గా ఆ పక్కనే. "కొంగు అడ్డం పెట్టుకుందే" అంది అమ్మ.

గైడమ్మ మాత్రం అందం, అందం అంటూ పది నిమిషాలు. ఊటా పోయింది 1046కి ముందే, శిల్పి చెక్కింది 1250 ప్రాంతంలో. మొహం ఎవరు చూశారట?

అప్పుడు అమ్మ అడిగింది: "పిల్లలెంతమంది? ఆస్తి ఎవరికెళ్ళింది?" నేను తర్జుమా చేశాను. అంతదాకా పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడిన మనిషి, గొడుగు పక్కన పెట్టి మొదలుపెట్టింది. ఊటా పుట్టిల్లు హార్జ్ కొండల దగ్గర బాలెన్‌స్టెడ్. మైసెన్ సరిహద్దు ప్రాంతాన్నేలే ఇంటికిచ్చారు. రెండిళ్ళకీ బలం కోసం. పిల్లల్లేరు. ముందు ఈవిడ పోయింది, 1046 జనవరిలో భర్త. భూములు చక్రవర్తి మూడో హెన్రీకి పోయాయి. మెట్టినిల్లు అక్కడితో ఆఖరు. పుట్టింట్లో మాత్రం అన్నదమ్ముడు ఎసికో మునిమనవడు ఆల్బ్రెహ్ట్, బ్రాండెన్‌బుర్గ్ సంస్థానాన్నే స్థాపించాడు.

ఎదురుగా నవ్వుతున్న తోడికోడలు రెగ్లిండిస్ కథ ఇంకా బాగుంది. పోలండ్ రాజు బొలెస్లావ్ కూతురు. 1018లో ఆ రాజే ఈవిడ ఆడపడుచు ఓడాని పెళ్ళాడాడు, జర్మన్ చక్రవర్తితో సంధి కుదిరిన ఏడాదే. "కుండమార్పిడి, అంతేగా" అని తేల్చేసింది అమ్మ. ఆ మాట జర్మన్‌లోకి మార్చడానికి నాకు చాలాసేపు పట్టింది. గైడమ్మ పుస్తకంలో రాసుకుంది కూడా.

మూడు స్టార్లు. ఒకటి ఆలస్యానికి, ఒకటి ఆ మొదటి పది నిమిషాలకి కోత. విగ్రహాలు బాగా ఎత్తులో ఉంటాయి, బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళండి. గైడ్ అందం గురించి ఎత్తుకోగానే ఆస్తి సంగతి అడగండి.