ఆరేళ్ల వాడకం తర్వాత: తెలుగు అక్షరాలకు పైలట్ ప్యారలల్ పెన్

వెడల్పు పాళీతో తెలుగు అక్షరాలు రాయడం మొదలుపెట్టి నాకు ఆరేళ్లు దాటింది. రాత్రి భోజనాలయ్యాక అరగంట, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఈ సాధనకే కేటాయిస్తున్నాను. ఇంతకాలంలో రెల్లు కలం, ముంచి రాసే పాళీలు, బ్రష్ పెన్నులు అన్నీ వాడాను కానీ, ఎక్కువ రోజులు చేతిలో ఉన్నది మాత్రం పైలట్ ప్యారలల్ పెన్. దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాల కోసమే తయారైనవి కనుక, తెలుగు రాయాలనుకునేవారికి ఇది ఎంతవరకు పనికొస్తుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

మామూలు ఫౌంటెన్ పెన్ను పాళీకి మధ్యలో చీలిక ఉంటుంది. ఇందులో చీలికకు బదులు రెండు చదునైన లోహపు రేకులు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఆ రెండింటి సందులోంచి సిరా అంచు పొడవునా సమానంగా దిగుతుంది. నా దగ్గర 1.5, 2.4, 3.8, 6.0 మి.మీ. వెడల్పులవి నాలుగు ఉన్నాయి. ముంచి రాసే పాళీతో రెండు మూడు అక్షరాలకోసారి సీసా దగ్గరికి వెళ్లాలి, పైగా ముంచిన ప్రతిసారీ మొదటి గీత ముద్దగా పడుతుంది. ఈ పెన్నుతో ఒక పద్యం మొత్తాన్ని ఒకే నలుపుతో పూర్తిచేయవచ్చు. నేను దీన్నే పట్టుకుని ఉండిపోవడానికి ముఖ్యమైన కారణం అదే.

అసలు కష్టం పెన్నులో లేదు, మన చేతి అలవాటులో ఉంది. 'ర' అక్షరాన్నే తీసుకోండి. బడిలో నేర్చుకున్నట్లు చెయ్యి ఎత్తకుండా సున్నా చుట్టి, పైన తలకట్టు పెడతాం. వెడల్పు పాళీతో అలా చుట్టబోతే, ఎడమ నుంచి కిందికి దిగినంతసేపూ బాగానే సాగుతుంది. కుడివైపు పైకి ఎక్కేటప్పుడు మాత్రం అంచు కాగితంలో దిగబడి, సిరా తుంపరలుగా చిమ్ముతుంది. మొదటి నాలుగు నెలలు నా కాగితాల నిండా ఆ తుంపరలే. తెనాలిలో మా బంధువుల వీధిలో ఉండే ఒక పెద్దాయన, నలభై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాసిన ఆర్టిస్టు, నా కాగితం చూసి ఒకే మాట అన్నారు: "అమ్మా, కుంచె అయినా పాళీ అయినా లాగాలి గానీ నెట్టకూడదు." ఆయన చదునైన కుంచెతో 'ర' రాసి చూపించారు. ముందు ఎడమ సగం పై నుంచి కిందికి, చెయ్యి ఎత్తి మళ్లీ పై నుంచి కుడి సగం, చివరికి తలకట్టు. ఆ రోజు నుంచి నా సున్నాలు కుదుటపడ్డాయి.

ఇరవయ్యో శతాబ్ది మొదట్లో లండన్‌లో కాలిగ్రఫీ గురువు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ బోధనతో స్థిరపడిన పద్ధతిలో పాళీ అంచును రాత గీతకు 30 డిగ్రీల వాలులో పట్టుకుంటారు. ఆ వాలులో 'ర' సున్నాకు ఎడమవైపు పైన, కుడివైపు కింద గీత సన్నబడి, మిగతా రెండు మూలల్లో బొద్దుగా వస్తుంది. తలకట్టుకు మాత్రం నేను వాలును 45 డిగ్రీల దాకా పెంచుతాను. అప్పుడు కిందికి దిగే పొట్టి గీత నిండుగా, పైకి లేచే పొడుగు గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది. తాటాకు మీద ఘంటంతో గీసి మసి పూసిన రాతలో గీతంతా దాదాపు ఒకే మందంలో ఉంటుంది కాబట్టి, మన అక్షరానికి బొద్దు గీత ఎక్కడ పడాలో ఆ ప్రతులను చూసి నేర్చుకోవడం కుదరదు. ఎవరికి వారు రాసి, చూసి, నిర్ణయించుకోవలసిందే. ఈ వెతుకులాటే నాకు ఈ సాధనలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

రెండో చిక్కు వరుసల ఎత్తు. ఇంగ్లీషు పాఠాల్లో చిన్న అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు నాలుగు రెట్లు ఉంటే చాలంటారు. తెలుగులో 'స్త్రీ' రాయాలంటే పైన గుడి దీర్ఘం, కింద తవత్తు, దాన్ని చుట్టుకునే క్రారవడి, అన్నిటికీ చోటు కావాలి. అక్షరానికి అయిదు వెడల్పులు, పైన రెండు, కింద మూడు వదిలితే తప్ప నాకు ఊపిరాడినట్లు అనిపించలేదు. 3.8 పెన్నుతో అక్షరం రాసి, 2.4తో వత్తు రాయడం అలవాటు చేసుకున్నాక, వత్తులు పై వరుసకు బరువు కాకుండా ఒదిగిపోయాయి.

సిరా విషయంలో చాలా జాగ్రత్త అవసరం. మూడో ఏడు, మా చెల్లెలి పెళ్లి కవర్లు తడిసినా చెరగకూడదన్న ఆత్రంతో లక్క కలిసిన వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకును ఇందులో నింపాను. అరవై కవర్లు రాసి, అలసిపోయి, కడగకుండా పడుకున్నాను. తెల్లారేసరికి రేకుల మధ్య సిరా గట్టిపడింది. రెండు రోజులు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టినా వదల్లేదు; ఆ పెన్ను పోయింది. తప్పు పూర్తిగా నాదే. ఫౌంటెన్ పెన్ను సిరా తప్ప మరేదీ ఇందులో పోయకండి. ఖాళీ అయిన కార్ట్రిడ్జిని సిరంజితో మళ్లీ నింపుకోవచ్చు, నేను అలాగే నడుపుతున్నాను. వారానికోసారి, పెన్నుతోపాటు వచ్చే పలుచని పొరను రేకుల మధ్య దూర్చి లాగితే చాలు, ఇరుక్కున్న కాగితపు నూగు వచ్చేస్తుంది.

కాగితం గురించి చెప్పాలంటే, మామూలు నోటుపుస్తకంలో గీత అంచులు పాకి, వెనకవైపుకు దిగుతాయి. నున్నని 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాముల బరువుండే) కాగితం రోజువారీ సాధనకు సరిపోతుంది.

నాలుగూ ఒకేసారి కొనవలసిన పని లేదు. 1.5తో మొదలుపెడితే బొద్దు, సన్నం తేడా కంటికి ఆనదు, తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. 6.0 శీర్షికలకే పనికొస్తుంది, సిరా కూడా త్వరగా తాగేస్తుంది. ముందు 3.8 తీసుకుని రెండు నెలలు 'ర', 'ద', 'ఠ'లు మాత్రమే రాయండి. వత్తుల దాకా వచ్చాక 2.4 కొనుక్కోవచ్చు.