థైరాయిడ్ తక్కువ, రక్తమూ తక్కువ: వెంటనే ఐరన్ మాత్రలా, ముందు పరీక్షలా?

హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువ) ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్ తగ్గడం మామూలే. నీరసం దేనివల్లో తేల్చుకోవడమే కష్టం, రెండింటిలోనూ ఉంటుంది కదా!

ఖర్చు: ఐరన్ మాత్రలు చవక. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12 పరీక్షలకు కాస్త ఎక్కువవుతుంది.

శ్రమ: మాత్రలతో మలబద్ధకం రావచ్చు, థైరాయిడ్ తక్కువైతే అది ముందే ఉండొచ్చు. పరీక్షలకు ఒక్కసారి రక్తమిస్తే చాలు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. సీబీసీలో ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 80 కంటే తక్కువైతే ఐరన్ లోపం కావచ్చు. 100 దాటితే బీ12 లోపమో, థైరాయిడ్ ప్రభావమో. మధ్యలో ఉంటే, హార్మోన్ తగ్గి ఎముక మజ్జ నెమ్మదించి ఉండొచ్చు. అప్పుడు థైరాక్సినే (థైరాయిడ్ హార్మోన్ మాత్రే) మందు, ఐరన్ దండగ. పైగా ఐరన్ థైరాక్సిన్‌ను పేగుల్లో పట్టేస్తుంది, రెంటికీ 4 గంటల ఎడం తప్పదు. బీ12 లోపాన్ని వదిలేస్తే నరాలు దెబ్బతినొచ్చు.

నెలసరి రక్తస్రావం ఎక్కువై, ఫెరిటిన్ కూడా తక్కువని తేలితే ఐరనే సరి. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నా, థైరాయిడ్ సమస్య ఆటోఇమ్యూన్ రకమైనా (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసేది) బీ12 లోపం ఉండొచ్చు కాబట్టి పరీక్షలే ముందు. నన్నడిగితే, తొందర లేనివాళ్లందరికీ అంతే.