యోకోహామా కైదాషి కికో: నాలుగేళ్లుగా చదువుతున్న మాంగా

ఈ జపాన్ బొమ్మల కథని మొదటిసారి రెండు రోజుల్లో గబగబా తిరగేసి, ఇందులో ఏమీ జరగట్లేదేంటి అని పక్కన పెట్టేశాను. మాటలు మాత్రమే చదివాను, బొమ్మల దగ్గర ఆగలేదు. మళ్లీ తీసింది ఏడాది తర్వాత. అప్పటి నుంచి వదల్లేదు.

హితోషి అషినానో 1994 నుంచి 2006 దాకా 'ఆఫ్టర్‌నూన్' మాసపత్రికకి గీసిన కథ ఇది. జపాన్‌లో 14 సంపుటాలు వచ్చాయి, 2007లో జపాన్‌లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే సేయున్ పురస్కారం కూడా అందుకుంది. కథలో సముద్రం పెరిగి తీరపు ఊళ్లు మునిగిపోయాయి, మనుషులు బాగా తగ్గిపోయారు. యోకోహామాకి దక్షిణాన ఉన్న మియురా ద్వీపకల్పంలో ఒక మూల ఆల్ఫా అనే రోబో అమ్మాయి చిన్న కెఫే నడుపుతూ, ఎటో వెళ్లిన యజమాని కోసం ఎదురుచూస్తుంటుంది. కస్టమర్లు ఎప్పుడో గానీ రారు. కాఫీ గింజలకి స్కూటరేసుకుని యోకోహామా వెళ్లొస్తుంది. ఈ మాంగా పేరుకి అర్థం కూడా ఆ సరుకుల ప్రయాణమే.

ఒకచోట చీకటి పడేవేళ, మునిగిన ఊరి వీధిదీపాలు నీళ్ల కింద వెలుగుతాయి. ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచానో! ఇంత పెద్ద నష్టాన్ని ఇంత నెమ్మదిగా, ఏడుపు లేకుండా చూపించిన బొమ్మ నాకు ఇంకోటి తెలీదు.

ఆల్ఫా ఉండే చోటి కుర్రాడు తకాహిరో మొదట్లో చిన్న పిల్లాడు. పోనుపోను ఊరు విడిచి వెళ్లే వయసుకొస్తాడు. ఆల్ఫా మాత్రం అలాగే ఉంటుంది. ఎన్నేళ్లు గడిచాయో రచయిత లెక్క చెప్పడు, ఆమె పక్కన నిలబడ్డ కుర్రాడి ఎత్తు చూసి మనమే పోల్చుకోవాలి. అది తట్టిన రోజు నాకు గొంతు పట్టేసింది. మా అక్క కొడుకు పాకే రోజుల్లో కొన్న పుస్తకం ఇది. ఇప్పుడు వాడు నా పక్కన కూర్చుని ఇందులో స్కూటరు బొమ్మలు వెతుక్కుంటున్నాడు.

నీళ్లెందుకు పెరిగాయో చివరిదాకా తేల్చరు, జవాబులు కావాలనుకునేవాళ్లకి చిరాకొస్తుంది. మొదట్లో కొన్ని బొమ్మలు నాకు అనవసరమనిపించాయి. ఇంగ్లీషులో నా దగ్గరున్నవి లావుపాటి సంపుటాలు, పడుకుని చదివితే చేతులు నొప్పెడతాయి. జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకి చదవడం మాత్రం పది పేజీల్లో అలవాటైపోతుంది.

రాత్రికి ఒక్క అధ్యాయం చాలు. నేనైతే తుపానుకి కెఫే కూలిపోయేది చదివాక, తర్వాతి అధ్యాయం తెరవడానికి రెండు రోజులు ఆగాను.