రాజమహేంద్రవరంలో ఒక్క రోజు కాలినడక: మార్గదర్శక సేవపై సమీక్ష

గోదావరి గట్టున ఉన్న రాజమహేంద్రవరాన్ని నడిచి చూడదలచినవారి కోసం ఒక స్థానిక బృందం నిర్వహిస్తున్న ఒక్క రోజు కార్యక్రమం, మొత్తం మీద, ఎంతో శ్రద్ధతో రూపొందించినది. ఎండ ముదరకముందే పుష్కర ఘాట్ దగ్గర మొదలుపెట్టి, మార్కండేయ స్వామి ఆలయం మీదుగా కోటిలింగాల రేవు వరకు తీసుకువెళ్లడం సరైన నిర్ణయం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కందుకూరి వీరేశలింగం గారి జన్మగృహం వద్ద గడిపిన సమయం. 1881 డిసెంబరులో ఈ ఊళ్లోనే ఆయన జరిపించిన తొలి వితంతు పునర్వివాహం గురించీ, దానికి ఎదురైన సంఘ బహిష్కరణ గురించీ మార్గదర్శకుడు తొందరపడకుండా, ఆ కాలపు మనుషుల భయాలను కూడా అర్థం చేసుకుంటూ వివరించిన తీరు మెచ్చదగినది. ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలును కూడా చూపించారు.

వంతెనల విషయంలో మాత్రం వివరణ చాలలేదు. 1900లో ప్రారంభమై 1997లో విశ్రాంతి పొందిన హేవ్‌లాక్ వంతెననూ, 1974 నాటి రోడ్డు రైలు వంతెననూ పేర్లు చెప్పి వదిలేశారు. గోదావరిపై వంతెన కట్టడం ఎంత కష్టమో చెప్పకపోతే ఈ నగర చరిత్ర సగమే తెలుస్తుంది.

గౌతమీ గ్రంథాలయానికి కేటాయించిన సమయమూ తక్కువే. వేసవిలో మధ్యాహ్నపు నడక పెద్దవారికి తగదు కాబట్టి కార్తీక మాసం నుంచి మాఘం వరకు వెళ్లడం మేలు. కాటన్ ఆనకట్టను చూడాలనుకునేవారు ధవళేశ్వరానికి విడిగా ఆటో మాట్లాడుకోవాలి.