జింకా, సెలీనియమా, మెగ్నీషియమా? ప్రోస్టేట్ పెరిగినవాళ్ళకు ఏది మేలు?

అనంతపురంలో మందుల షాపు నడుపుతున్నాను. అరవై దాటిన మగవాళ్ళు ఈ మధ్య అడిగేది ఎక్కువగా ఇదే: "ఏమప్పా, పోస్టేటుకు జింకు మంచిదా, సెలీనియం మంచిదా? యూట్యూబులో మెగ్నీషియం కూడా చెప్తాండారు." రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం, పోసొచ్చినా ఇంకా మిగిలినట్టు ఉండటం, ఇవన్నీ పడుతున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నేరుగా మాత్రల సంగతికే వస్తాను.

జింక్‌కు ఇంత పేరు ఊరికే రాలేదు. ఒంట్లో జింక్ బాగా పోగయ్యే చోట్లలో ప్రోస్టేట్ ఒకటి. అంతమాత్రాన జింక్ మింగితే పెరిగిన గ్రంథి తగ్గుతుందని ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు. పైగా మోతాదు మించితే కథ అడ్డం తిరుగుతుంది. కంటిచూపు కాపాడటానికి అమెరికాలో ఏరెడ్స్ అని పెద్ద పరిశోధన జరిగింది. అందులో కొందరికి రోజుకు 80 మి.గ్రా. జింక్ ఇచ్చారు. మూత్ర సంబంధమైన ఇబ్బందులతో ఆసుపత్రిలో చేరినవాళ్ళు జింక్ తీసుకున్నవాళ్ళలో 11.1 శాతం, తీసుకోనివాళ్ళలో 7.6 శాతం. ఉపశమనం కోసం వాడేది ఆ ఇబ్బందినే పెంచితే ఏం లాభం?

అందుకే నా లెక్కలో ఏ ఖనిజం అన్నదానికంటే రోజుకు మొత్తం ఎంత లోపలికి పోతోందన్నదే ముఖ్యం. మగవాళ్ళకు రోజుకు 17 మి.గ్రా. జింక్ కావాలని మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్తుంది. పెద్దవాళ్ళు రోజుకు 40 మి.గ్రా. దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. మొన్న ఒక రిటైర్డ్ టీచరుగారు మూడు రకాల మాత్రలు కౌంటరు మీద పరిచారు. ఒకటి మల్టీవిటమిన్. వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 61.8 మి.గ్రా. అని ఉంది. అందులో అసలు జింక్ 22.5. రెండోది ఉత్త జింక్ మాత్ర, 20. మూడోది ఆన్‌లైన్లో తెప్పించుకున్న ప్రోస్టేట్ క్యాప్సూల్, 15. కూడితే 57.5. "మూడు వేరేవేరే మందులు కదప్పా" అన్నారాయన. పేర్లు వేరు, లోపలున్నది అదే. నెలల తరబడి ఇలా సాగితే ఒంట్లో రాగి (కాపర్) తగ్గిపోవచ్చు, దాంతో రక్తహీనత, కాళ్ళలో తిమ్మిర్లు రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు ఆ తిమ్మిర్లను షుగర్ ఖాతాలో వేసేస్తారు, అసలు కారణం బయటపడదు.

సెలీనియం విషయంలో నాకు డౌటే లేదు, వద్దు. సెలెక్ట్ అనే పరిశోధనలో 35 వేల మందికి పైగా మగవాళ్ళను తీసుకుని, సెలీనియం, విటమిన్ ఇ ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతాయేమో చూశారు. లాభం కనబడక 2008లో మాత్రలు ఆపేశారు. తర్వాత చూస్తే విటమిన్ ఇ ఒక్కటే వాడినవాళ్ళలో క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. ఒంట్లో ముందే సెలీనియం ఎక్కువున్నవాళ్ళు మళ్ళీ అదే వాడితే ప్రమాదకరమైన రకం క్యాన్సర్ పెరిగింది. ఈ రెండూ కలిపిన క్యాప్సూళ్ళను మగవాళ్ళ ఆరోగ్యం పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. చూస్తే బాధేస్తుంది.

మెగ్నీషియం ప్రోస్టేట్‌కు నేరుగా చేసేదేమీ లేదు. మలబద్ధకం ఉంటే మూత్రం ఇబ్బంది ఎక్కువవుతుంది. కొన్ని రకాల మెగ్నీషియం విరేచనం సాఫీ చేస్తుంది కాబట్టి ఆ రకంగా కాస్త సుఖంగా అనిపించొచ్చు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. బోరాన్ అని ఇంకో ఖనిజం ఉంది, దానికి డబ్బు దండగ. సా పాల్మెటో ఖనిజం కాదు, ఒక చెట్టు పండ్ల నుంచి తీసే సారం; అదీ అడుగుతుంటారు. 2006లో, 2011లో వచ్చిన అమెరికా పరిశోధనల్లో మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు.

జింక్ కావాలంటే నేను తిండి వైపే. నువ్వుల్లో, గుమ్మడి గింజల్లో 100 గ్రాములకు 7 మి.గ్రా. పైనే ఉంటుంది. శెనక్కాయల్లోనూ ఉంది. రాగుల్లో ఉన్నది ఒంటికి పూర్తిగా పట్టదు. మాంసంతో కలిపి తింటే బాగా పడుతుంది, కాబట్టి సంగటిలోకి నాటుకోడి పులుసు ఈ లెక్కలో కూడా మంచి జోడీ.

"జింకుతోనే నాకు తగ్గింది" అనేవాళ్ళు అబద్ధమాడటం లేదు. ఈ జబ్బు తనంతట తానే కొన్నాళ్ళు పెరుగుతుంది, కొన్నాళ్ళు తగ్గుతుంది. తగ్గిన రోజుల్లో ఏది మింగుతుంటే దానికే పేరొస్తుంది. నిజంగా ధార వదులు చేసేది డాక్టరు రాసే టామ్సులోసిన్; రెండు మూడు వారాల్లోపే తేడా తెలుస్తుంది. గ్రంథి సైజు తగ్గించే ఫినాస్టెరైడ్‌కు ఆరు నెలలు ఓపిక పట్టాలి. టామ్సులోసిన్ వాడుతుంటే కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మా ఎండల్లో రాత్రి లేవాల్సొస్తుందని నీళ్ళు మానేసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్. పగలు కడుపునిండా తాగండి, సాయంత్రం దాటాక తగ్గించండి. జలుబు మాత్రలు అడిగి తెచ్చుకునేటప్పుడు ప్రోస్టేట్ ఉందని షాపులో చెప్పండి. వాటిలో కొన్ని మూత్రాన్ని పూర్తిగా బిగబట్టేస్తాయి. అలా బిగబట్టినా, మూత్రంలో రక్తం కనబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొకటి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే, జింక్, మెగ్నీషియం మాత్రలు దాంతోపాటు వేసుకోవద్దు. అవి దాన్ని ఒంటికి పట్టనివ్వవు. సిప్రో వేసుకున్నాక రెండు గంటలు ఆగి ఇవి వేసుకోవాలి. ఇవే ముందు వేసుకుంటే సిప్రోకు ఆరు గంటలు ఆగాలి. ఆ కోర్సు అయ్యేదాకా వీటిని పక్కన పెట్టేస్తే ఈ లెక్కే అక్కర్లేదు.