రెండు గొట్టాల తుపాకీ: మా ఇంట్లో కంటే స్టేషన్‌లోనే ఎక్కువ పాడైంది

లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి, ఏ ఫారం నింపాలి, తహసీల్దారు రిపోర్టు కోసం ఎన్నిసార్లు తిరగాలి, ఇవేవీ ఇక్కడ రాయట్లేదు. పన్నెండు బోరు (ఈ తుపాకీ గొట్టం సైజు) అంటే ఏంటో తెలిసినవాళ్ళ కోసమే ఇది. తుపాకీ మీద నాకు పెద్దగా కంప్లయింట్ లేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకెళ్ళి పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పి రావాలి చూడండి, నా గొడవంతా దాని మీదే.

మాది నల్లమల అంచు. చేను దాటితే అడవే. నాన్న వయసులో ఉన్నప్పుడు కొన్న, బీహార్‌లోని ముంగేర్‌లో తయారైన డబుల్ బ్యారెల్ ఇది. ఆయనకి డెబ్బై దాటాక నా పేరు మీదకి వచ్చింది. 2016 ఆయుధ నిబంధనల్లో ఆ వీలుంది, 70 ఏళ్ళు నిండినవాళ్ళు గానీ 25 ఏళ్ళుగా తుపాకీ ఉన్నవాళ్ళు గానీ బతికుండగానే వారసుల పేరు మీదకి మార్పించుకోవచ్చు. అంతకుముందు పెద్దాయన పోయాక పిల్లలు దాని కోసం తిరిగి తిరిగి చివరికి వదిలేసుకున్న ఇళ్ళు మా వైపు ఉన్నాయి, కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం నిబంధనలకి దండం పెట్టాలి.

తుపాకీ ఎందుకు అని అడిగితే అడవిపందుల కోసం అని చెప్తాం. నిజమే గానీ పూర్తి నిజం కాదు. 1972 వన్యప్రాణి చట్టం ఉండగా పందిని కాల్చడానికి లేదు, అనుమతి ఉంటే తప్ప. కాబట్టి దీంతో మేం చేసేదల్లా మొక్కజొన్న కంకి పాలు పట్టే రోజుల్లో రాత్రిళ్ళు మంచె మీద కూర్చుని, మంద దిగినట్టు అలికిడైతే గాల్లోకి ఒకటి పేల్చడం. ఆ పని టపాకాయ కూడా చేస్తుంది కదా అంటారు. చేస్తుంది, రెండు మూడు రోజులు. తర్వాత పందులకి అలవాటైపోతుంది. తుపాకీ మోతకి ఎందుకో అంత తొందరగా అలవాటు పడవు, కనీసం మా చేలో పడలేదు. ఇక రెండో కారణం ఎవరూ పైకి చెప్పరు: ఆ ఇంట్లో తుపాకీ ఉందని ఊరికి తెలియడం. ఊరికి దూరంగా చేలో ఇల్లు కట్టుకుని ఉండే ముసలివాళ్ళకి అదొక ధైర్యం. నాన్న దాన్ని మనిషి మీద ఎత్తింది ఎప్పుడూ లేదు, గోడకి తగిలించి ఉంటే చాలనుకునేవారు. (ఇప్పుడు గోడకి తగిలించడాల్లేవు, ఎక్కడ పెట్టి తాళం వేస్తావో దరఖాస్తులోనే రాసివ్వాలి. అది మంచిదే, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.)

కొత్తలో ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ణి, దీనికి మెయింటెనెన్స్ అంటూ ఏమీ ఉండదు, నూనె గుడ్డతో తుడుచుకుంటే నీ మనవడి దాకా ఉంటుంది అని. ఆ మాట ఇప్పటికీ తప్పనను గానీ, తుపాకీ మన చేతిలో ఉన్నన్ని రోజులే అది నిజం.

2020 మార్చిలో ఏం జరిగిందంటే, ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది, ఎప్పటిలాగే స్టేషన్ నుంచి ఫోన్, తుపాకీ తెచ్చి పెట్టేయమని. తీసుకెళ్ళి రైటరు దగ్గర రసీదు తీసుకుని వచ్చేశాను. మార్చి 15న కరోనా పేరుతో ఎన్నికలు వాయిదా. మూడు రోజులకే సుప్రీంకోర్టు కోడ్ ఎత్తేయమంది. ఎన్నికలూ లేవు, కోడూ లేదు, అంటే నా తుపాకీ నాకు ఇచ్చేయాలి. ఈలోగా 25 నుంచి లాక్‌డౌన్. సరే, అప్పుడు ఎవరినీ ఏమీ అనలేం, వాళ్ళు రోడ్ల మీద ఎండలో నిలబడి ఉన్నారు. జూన్‌లో వెళ్తే "పైనుంచి ఆర్డర్ రాలేదు" అన్నారు. తర్వాత వెళ్తే ఎస్సైగారు క్వారంటైన్‌లో ఉన్నారు. ఆ తర్వాత గది తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. కంకి పాలు పట్టింది, పందులు దిగాయి, నేను డబ్బా కొట్టుకుంటూ కూర్చున్నాను. తుపాకీ చేతికి వచ్చేసరికి వానాకాలం మొత్తం అయిపోయింది.

ఆ గది చూశాను. పట్టుకొచ్చిన బైకులు, సారా క్యాన్లు, ఒక మూల గోడకి ఆనించి సంచుల్లో తుపాకులు, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ. పైకప్పు కారి గోడంతా చెమ్మ. నా తుపాకీ కవరుకి లోపల ఫ్లానెల్ గుడ్డ ఉంటుంది, అది నీళ్ళు పీల్చుకుని ఆరకుండా అలాగే ఉంది, అంటే అన్ని నెలలూ తుపాకీని తడిగుడ్డలో చుట్టి పెట్టినట్టే లెక్క. చీటీ మీద సిరా చెరిగిపోయి పేరు కూడా సగమే కనిపించింది. అక్కడే తుపాకీని మడిచి గొట్టాలు తెరిచి చూద్దామంటే మడత పడలేదు, కీలు బిగుసుకుపోయింది. ఇంటికొచ్చి సైకిల్ నూనె పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున మెల్లగా తెరిచాం. తెరిచి వెలుతురు వైపు పెట్టి చూస్తే కుడి గొట్టం కాస్త మసకబారింది అంతే, ఎడమ గొట్టంలో మాత్రం తూటా కూర్చునే చోటు నుంచి జానెడు దూరం దాకా అమ్మవారు పోసిన మొహంలా గుంటలు. నాన్న చూసి ఏమీ అనలేదు. కాసేపాగి, "నీకిచ్చినప్పుడు ఇందులో నా మొహం కనపడేదిరా" అన్నారు.

గుంటల వల్ల వచ్చే అసలు తంటా పేల్చినప్పుడు తెలుస్తుంది. తూటా పేలగానే ఉబ్బి ఆ గరుకులో పట్టేసుకుంటుంది, ఖాళీ గుల్ల బయటికి రాదు. చీకట్లో మంచె మీద టార్చి నోట్లో పెట్టుకుని, మూతి వైపు నుంచి కడ్డీ దోపి దాన్ని పొడిచి తీయాలి. ఈలోగా పందులు వాటి భోజనం అవి చేసి వెళ్ళిపోతాయి.

బాగు చేయిద్దామంటే ఇంకో తిరకాసు. నాన్న రోజుల్లో ఏ చిన్న రిపేరైనా హైదరాబాదే. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ అంతటికీ అని ఉండేది, హైదరాబాదు అందులోదే. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం, నా లైసెన్సు మీద అక్కడికి తుపాకీ పట్టుకెళ్ళాలంటే ముందు అనుమతి కావాలి. చివరికి మన రాష్ట్రంలోనే లైసెన్సున్న మిస్త్రీ ఒకాయన దొరికాడు. గొట్టం మందం కొలిచి చూసి, ఇంకా బలం ఉంది గానీ ఎడమ దాంట్లో ఎల్జీ లాంటి భారీ తూటాలు వేయొద్దన్నాడు. తూటా కూర్చునే చోటు నునుపు చేసి ఇచ్చాడు. ఇప్పుడు పది తూటాల్లో తొమ్మిది సాఫీగా వస్తాయి. పదోది మళ్ళీ కడ్డీయే.

ఇంత తిట్టాక ఒక మాట చెప్పాలి. ఎన్నికలప్పుడు తుపాకులు తీసుకోవడం తప్పు అని నేను అనట్లేదు. మా జిల్లాల్లో పార్టీల గొడవలు ఎలా ఉండేవో చూసినవాణ్ణి. కానీ ఎన్నికల సంఘం సూచనల్లో ఉన్నది అందరివీ గుండుగుత్తగా లాక్కోమని కాదు. స్క్రీనింగ్ కమిటీ కూర్చుని, బెయిలు మీద ఉన్నవాడెవడు, పాత కేసులున్నవాడెవడు, అల్లర్లలో పేరున్నవాడెవడు అని ఒక్కొక్కరిదీ చూడాలి. క్రీడాకారులకీ బ్యాంకు గార్డులకీ మినహాయింపు. మా దగ్గర కమిటీ కూర్చున్నట్టు ఎవరూ వినలేదు, ఫోన్ మాత్రం అందరికీ వస్తుంది. ఒక్క కేసూ లేని రైతూ, నిజంగా భయపడాల్సినవాడూ ఒకే లైన్‌లో నిలబడతారు. ఆ రెండోవాడి దగ్గర అసలు సరుకు లైసెన్సు లేనిదే ఉంటుందని స్టేషన్‌లో వాళ్ళకీ తెలుసు. పక్కనున్న కర్ణాటకలో కొడగు ప్రాంతపు కొడవ జాతివాళ్ళకైతే అసలు లైసెన్సే అక్కర్లేదు, బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న మినహాయింపుని కేంద్రం 2029 దాకా పొడిగించింది. అసూయే అనుకోండి.

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలకి మళ్ళీ స్టేషనే. ఈసారి కవరు లేకుండా, గ్రీజు పూసి పాత పంచెలో చుట్టి ఇచ్చాను, రైటరు నవ్వాడు. 2024కి మాత్రం స్టేషన్‌లో కాకుండా లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్ చేసి ఆ రసీదు స్టేషన్‌లో ఇచ్చాను. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నెలకింతని అద్దె తీసుకున్నాడు గానీ, జూన్‌లో తిరిగి తెచ్చుకున్నప్పుడు గొట్టాలు తుడిచి, నూనె పట్టించి ఉన్నాయి. మీ స్టేషన్‌లో డీలరు రసీదు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల కుదరదంటారట.

కొనమంటావా అని అడిగేవాళ్ళకి: మీది నాలాగా అడవి పక్క చేనై ఉండి, ఇంట్లో దాన్ని తుడిచే ఓపిక ఉన్న పెద్దవాళ్ళుంటే సరే. లేదంటే సోలార్ ఫెన్సింగ్ వేసుకోండి, నేనూ ఒక వైపు వేశాను, అది ఎన్నికలకి స్టేషన్‌కి వెళ్ళదు. కరెంటు తీగలు మాత్రం లాగకండి, మనుషులు చచ్చిపోతున్నారు. హోదా కోసం అయితే అసలే వద్దు. పెళ్ళిలో సరదాకి పేల్చి ఎవరినైనా ప్రమాదంలో పడేస్తే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు. అదే సవరణ మనిషికి మూడు తుపాకులున్న చోట రెండు చాలంది. మా పెదనాన్నగారు మూడోది అప్పజెప్పేశారు, ఆయన కోపం ఇంకా తగ్గలేదు.

2021లో గెలిచిన సర్పంచుల అయిదేళ్ళ గడువు 2026 దాకానే, ఆ తర్వాత ఎన్నికలంటే మళ్ళీ ఫోన్ రావాల్సిందే. మా అబ్బాయి మాత్రం బెంగళూరులో కూర్చుని అమ్మేయ్ నాన్నా అంటాడు. అమ్మాలన్నా కొనేవాడికి లైసెన్సుండాలి, పైగా 45 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితం రాసి పెట్టాను, ఇంకా ఇవ్వలేదు.