జాగ్రత్త: ‘40×30×20’ అని అమ్మే క్యాబిన్ బ్యాగును నమ్మి మాంటెనెగ్రో బయలుదేరకండి

ఈ వేసవికి ఆగ్నేయ యూరప్ దేశం మాంటెనెగ్రో టికెట్లు చూస్తున్న మనవాళ్లకు, ముఖ్యంగా ఇంగ్లండ్, ఐర్లండ్, జర్మనీల్లో ఉండి చేతి సంచీతో నాలుగైదు రోజులు తిరిగొద్దామనుకుంటున్నవాళ్లకు ఇది. ‘అండర్‌సీట్ బ్యాగ్, 40×30×20, 30 లీటర్లు, అన్ని బడ్జెట్ విమానాలకూ ఓకే’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న బ్యాగుల్లో చాలావాటికి ఆ కొలత లేదు. ఇది పట్టుకోవడానికి టేపు కూడా అక్కర్లేదు. 40ని 30తో, వచ్చినదాన్ని 20తో గుణించండి. 24,000 ఘన సెంటీమీటర్లు, అంటే 24 లీటర్లు. గుడ్డ కాగితమంత పలచగా ఉన్నా, ఆ కొలతలో అంతకు మించి పట్టదు. 30 లీటర్లు నిజమైతే కొలత అబద్ధం, కొలత నిజమైతే లీటర్లు అబద్ధం. పేజీలోనే దొరికిపోతున్న దొంగ లెక్క ఇది. అయినా కింద అయిదు నక్షత్రాలే కనిపిస్తాయి. ఖాళీ బ్యాగును ఫొటో తీసి రివ్యూ రాసేవాళ్లే ఎక్కువ మరి.

చేతికొచ్చిన ఇలాంటి బ్యాగును నింపి కొలిస్తే మోసం ఎక్కడుందో తెలుస్తుంది. అమ్మేవాడు రాసింది లోపలి కొలత, లేదంటే చక్రాలూ పైపిడీ వదిలేసిన కొలత. అడుగున చక్రాలో రబ్బరు కాళ్లో ఉంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. ముందు జేబులో ఛార్జర్, పాస్‌పోర్టు పెట్టగానే 20 ఉండాల్సిన మందం 23, 24 అవుతుంది. లాగే ట్రాలీ రకమైతే ఆ కమ్మీలు లోపలి చోటు తినేస్తాయి, పైగా ఖాళీగానే కిలోన్నర దాకా తూగుతుంది. ‘ఎక్స్‌పాండబుల్’ అని అదనపు జిప్పు ఉన్నవాటి జోలికి అసలు పోవద్దు. తిరిగొచ్చేటప్పుడు సామాను పెరిగి ఆ జిప్పు తీస్తారు, అక్కడే దొరికిపోతారు.

విమాన సంస్థలు కొలిచేది చక్రాలు, పిడులతో కలిపి బయటి కొలత. మాంటెనెగ్రో రాజధాని పోడ్గొరీత్సాకు వెళ్లే విజ్ ఎయిర్‌లో ఉచిత బ్యాగు 40×30×20, బరువు 10 కిలోలు. రయన్‌ఎయిర్‌ది కూడా 2025 నుంచి అదే కొలత. అక్కడి తీరంలోని తివాత్‌కు వెళ్లే ఈజీజెట్ కాస్త నయం, 45×36×20, 15 కిలోలు. అంటే సుమారు 32 లీటర్లు. పైన చెప్పిన ‘30 లీటర్ల’ బ్యాగు ఒక సంస్థలో దూరి ఇంకో సంస్థలో ఇరుక్కోవడానికి కారణం ఈ తేడాయే. ‘పోయినసారి ఎవరూ అడగలేదు’ అనేవాళ్ల మాట పట్టుకోకండి. పెద్ద బ్యాగు పట్టుకున్న సిబ్బందికి రయన్‌ఎయిర్ ఇచ్చే బోనస్ 2025 నవంబరులో బ్యాగుకు 1.50 నుంచి 2.50 యూరోలకు పెరిగింది. నెలకింత అన్న పరిమితి కూడా తీసేశారు. గేటు దగ్గర బతిమాలితే వదిలేసే రోజులు కావివి. అక్కడ కట్టే రుసుము చాలాసార్లు టికెట్ ధరను మించిపోతుంది.

ఇండియా నుంచి తెచ్చుకున్న ట్రాలీ ఉందిగా అంటారా? అక్కడ క్యాబిన్ సైజు అంటే 55×35×25, 7 కిలోలు. ఇక్కడ చిక్కంతా ఆ 25లోనే ఉంది. డబ్బు కట్టి ప్రయారిటీ (ముందుగా ఎక్కి, ఇంకో పెద్ద బ్యాగు తీసుకెళ్లే సౌకర్యం) కొన్నా విజ్ ఎయిర్ ఒప్పుకునేది 55×40×23, రయన్‌ఎయిర్ 55×40×20. గట్టి షెల్ ట్రాలీని నొక్కి దూర్చడం కుదరదు. ఈజీజెట్‌లో డబ్బు కట్టే పెద్ద క్యాబిన్ బ్యాగు కొలత 56×45×25 కాబట్టి అందులో మాత్రం పడుతుంది.

బ్యాగు రాగానే ట్యాగు కత్తిరించకుండా ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఒక అట్టపెట్టెను లోపలి కొలత సరిగ్గా 40×30×20 వచ్చేలా కోసి, టేపుతో అతికించండి. తీసుకెళ్లే బట్టలతోనే బ్యాగు నింపండి, ముందు జేబు కూడా. పెట్టెలోకి దించండి. చేత్తో నొక్కకుండా దిగాలి, పైకి లాగితే పెట్టె వెంట రాకుండా బ్యాగు ఒక్కటే రావాలి. నొక్కితే గానీ దిగలేదంటే వాపసు పంపేయండి. తర్వాత అదే నిండు బ్యాగును భుజానికి తగిలించుకుని రెండు అంతస్తులు ఎక్కి దిగండి. పట్టీ బ్యాగుకు కలిసేచోట కుట్టు చూడండి. చవక బ్యాగులు మొదట ఊడేది అక్కడే. కుట్టు మీద అడ్డంగా ఇంకో కుట్టు లేకపోతే, దారం సాగి సూది రంధ్రాలు విచ్చుకుని కనిపిస్తాయి. మాంటెనెగ్రో తీరంలోని పాత ఊరు కోటోర్‌లో కోట పైకి 1,350 మెట్లు ఉన్నాయి. అక్కడ పట్టీ తెగితే మళ్లీ కట్టుకోవడానికి తాడు కూడా దొరకదు.

వాపసు హక్కు గురించి. బ్రిటన్‌లోనూ యూరోపియన్ యూనియన్‌లోనూ ఆన్‌లైన్ కొనుగోలుకు వస్తువు చేతికొచ్చాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. బ్రిటన్‌లో వస్తువు వర్ణనకు తగ్గట్టు లేకపోతే 30 రోజుల్లోపు పూర్తి డబ్బు అడగవచ్చు. కాబట్టి ‘మనసు మారింది’ అని రాయకండి. ‘రాసిన కొలత లేదు’ అని రాసి, నిండు బ్యాగు మీద టేపు పెట్టిన ఫొటో జత చేయండి. అమ్మకం పేజీని కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫిర్యాదు వెళ్లాక కొలతలు మారిపోవచ్చు. ఇండియాలో కొని తెచ్చుకుంటున్నవాళ్లు ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని రాసి ఉందేమో ముందే చూడండి. అదే కొలతతో ఇంకో బ్యాగు పంపితే చేసేదేముంది? అమ్మినవాడు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇక 24 లీటర్లలో ఈ దేశానికి సర్దడం. కష్టం ఎందుకంటే ఒకే ప్రయాణంలో సముద్రమూ కొండా రెండూ ఉంటాయి. సముద్రం ఒడ్డున బుద్వాలో చెమటలు కారుతుంటే, 1,456 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు ఝబ్లియాక్‌లో జూలై రాత్రి కూడా స్వెట్టరు కావాలి. దుర్మితోర్ కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది. బరువైన బూట్లు, ఫ్లీసు, వాన జాకెట్ ఒంటిమీదే ఉంచుకుని విమానం ఎక్కండి. జీన్సు ఒక్కటీ అరకిలోకు పైనే తూగుతుంది, తడిస్తే రోజంతా ఆరదు. వదిలేయండి. తీరం చాలాచోట్ల గులకరాళ్లు, నీళ్లలో రాళ్లకు ముళ్ల సముద్రపు అర్చిన్లు అంటుకుని ఉంటాయి కనుక పల్చటి రబ్బరు నీటి చెప్పులు తప్పనిసరి. తుర్కీ టవలు బదులు మన సన్నటి చేనేత తువ్వాలు పెట్టుకోండి, గంటలో ఆరుతుంది. ట్రెక్కింగ్ కర్రలు భద్రతా తనిఖీలో ఆపేస్తారు. గ్యాస్ డబ్బా విమానంలోకి ఎటూ రానివ్వరు. పవర్ బ్యాంకు మాత్రం క్యాబిన్‌లోనే ఉండాలి.

తిండి విషయంలో కందిపొడి, కారప్పొడి ఇబ్బంది పెట్టవు. ఆవకాయ మాత్రం నూనెతో ఉంటుంది కాబట్టి ద్రవాల లెక్కలోకి వస్తుంది. 100 మి.లీ. దాటిన సీసా చెత్తడబ్బా పాలే. కొన్ని విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లు వచ్చి ఈ నియమం సడలింది గానీ, వెళ్లేటప్పుడు వదిలేసింది తిరిగొచ్చేటప్పుడు తివాత్‌లో పట్టుకోవచ్చు. మిరప పచ్చడిలా ఉండే ఐవార్, ఆలివ్ నూనె, తేనె అక్కడి సంతలో కొని క్యాబిన్‌లో తెద్దామంటే కుదరదు. అక్కడి న్యెగుషి ఊరి జున్ను, ఎండు మాంసం ఘనపదార్థాలే అయినా యూరోపియన్ యూనియన్‌లోకి తేవడం నిషేధం.

బ్యాగు చిన్నదైతే అక్కడ ఒక లాభం ఉంది. ఊరి బస్సుల్లో కింద డిక్కీలో పెట్టే సామానుకు విడిగా ఒకటి రెండు యూరోలు వసూలు చేస్తారు. కాళ్ల దగ్గర పెట్టుకుంటే ఏమీ అడగరు.

బ్యాగు తర్వాత మోసపోయేది టికెట్ దగ్గర. పోలిక సైట్లలో టికెట్ పక్కన చిన్న సూట్‌కేసు బొమ్మ పెట్టి ‘క్యాబిన్ బ్యాగు ఉంది’ అని చూపిస్తారు. నిజానికి అందులో ఉన్నది సీటు కిందకు వెళ్లేదే. డబ్బు కట్టే ముందు విమాన సంస్థ సొంత సైటులో అదే టికెట్ తెరిచి చూడండి. మధ్యవర్తి సైటు తన సొంత ఈమెయిల్‌తో బుక్ చేస్తే చెక్‌ఇన్ సందేశాలు మీకు రావు, తర్వాత బ్యాగు కలపాలన్నా వాళ్ల ధరకే.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు దుబ్రోవ్నిక్. ‘మాంటెనెగ్రో ప్యాకేజీ’ అని అమ్మే కొన్ని చవక టికెట్లు క్రొయేషియాలోని ఆ ఊళ్లో దింపి, బస్సులో సరిహద్దు దాటిస్తాయి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉంది, మాంటెనెగ్రో లేదు. చెల్లుబాటులో ఉన్న షెంగెన్, బ్రిటన్, ఐర్లండ్ లేదా అమెరికా వీసా ఉన్న భారతీయ పాస్‌పోర్టుతో మాంటెనెగ్రోలో 30 రోజుల దాకా ఉండవచ్చు. కానీ బ్రిటన్ వీసా ఒక్కటే ఉన్నవాళ్లు దుబ్రోవ్నిక్‌లో దిగలేరు. సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసాతో వచ్చినవాళ్లు సరిహద్దు దాటితే వెనక్కి రాలేరు, తిరుగు విమానం ఆవలి ఒడ్డునే ఉండిపోతుంది. బ్రిటన్‌లో నివాస అనుమతికి ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు లేదు, ఉన్నది ఆన్‌లైన్‌లో కనిపించే ఈ-వీసా. ఫోన్ తెర చూపించి అధికారిని ఒప్పించే బదులు, టికెట్ కొనేముందే మాంటెనెగ్రో రాయబార కార్యాలయానికి రాసి, వాళ్ల జవాబును ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. తివాత్ టికెట్ నలభై యూరోలు ఎక్కువ చూపించినా, దుబ్రోవ్నిక్ నుంచి బస్సు ఛార్జీ, వేసవిలో సరిహద్దు క్యూలో పోయే గంటలు కలిపి చూసుకున్నాకే ఏది చవకో తేల్చుకోండి.